గరికపచ్చిక మీది గోల్ఫాట



గోల్ఫు అను నాటను గూర్చి కనిగిరిలోని యొక బడిపంతులుగారి యిల్లాలు వ్రాయబూనుట చూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఈ మాసము దీనినే వ్రాయుదునని చెప్పగా మా యెదురింటి పిన్నిగారు, "కందిపప్పు ధర సంగతి రాయక ఆ దొరలాట నీకెందుకే అమ్మాయ్?" అని నవ్వనే నవ్విరి. ఆమె మాటలో తప్పు లేదు. మా యూర గోల్ఫు మైదానము లేదు. ఉన్నది బడిమైదానము, అందు గులకఱాళ్ళును, నాలుగు వానలు పడినచో పల్లేరుకాయలును దప్ప వేఱొండు కానరాదు. అయినను గడచిన వేసవిలో గోలకొండలో నేను చూచిన పచ్చికను, దానిని పెంచుచున్న మా వైపు పిల్లవానిని మఱవలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యక్కగారు హైదరాబాదులో లంగరుహౌసు దాపున నుందురు. బడికి సెలవు లియ్యగానే మావారును నేనును రాత్రి బస్సెక్కి, తెల్లవాఱునప్పటి కచటికి జేరితిమి. గోలకొండ దుర్గమును ఇదివఱకు రెండుమాఱులు చూచియుంటిని గాని, దానికి ఈశాన్యమున నున్న నయాఖిల్లా యను భాగమును చూడలేదు. 1656లో మొగలుసేన వచ్చి గోలకొండను చుట్టుముట్టి పోయిన పిమ్మట, శత్రువు మఱల ఎదుటి గుట్ట నెక్కి ఫిరంగులు పేల్చకుండుటకై అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టను గూడ గోడలోపలికి జేర్చి కట్టించిన భాగమిది. ఇంత చేసినను 1687లో, ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట, కోట ఔరంగజేబు వశమయ్యెను. ఆ గోడల నడుమనే నేడు హైదరాబాదు గోల్ఫ్ అసోసియేషను వారి 18 గుంటల మైదానము కలదు.

మేము వెళ్ళినది ఆట చూచుటకు గాదు, చెట్టు చూచుటకు. అచట ఆఫ్రికా దేశపు జాతి చెట్టొకటి కలదు. దక్కనీ భాషలో హాతియాన్ కా ఝాడ్, అనగా ఏనుగు చెట్టు, అందురు. నాలుగువందల యేండ్లకు పైబడినదని చెప్పుదురు. మాను చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. లోపల తొఱ్ఱ యొక చిన్న గదియంత. మావారు దాని చుట్టును అడుగులు లెక్కించుచు తిరుగుచుండగా వెనుకనుండి "సార్! అమ్మగారూ!" అను పిలుపు వినబడెను. తిరిగి చూడ, చేత నీటిగొట్టము, తలకు తువ్వాలు, మాకు పరిచితమైన ముఖము. కనిగిరికి కోసెడు దూరమున నున్న పల్లెవాడు. పదవతరగతి వఱకు మావారి యొద్ద చదివి, ఇంటర్మీడియెటు నడుమ మానివేసినవాడు. వారికి రెండెకరముల మెట్టచేను. అందు బోరు ఎండిపోయినది. పిల్లవాడు మొదట మేడల స్లాబులకు సెంట్రింగు పనికి హైదరాబాదు వచ్చి, పిదప మేస్త్రీ యొకడు చెప్పగా ఈ పచ్చికపనిలో జేరెనట. కనిగిరి ప్రాంతపు పిల్లలు సగము మంది ఇట్లే హైదరాబాదునకో బెంగుళూరునకో పోవుచుందురు. మా బడిలో పదవతరగతి ఛాయాచిత్రమును గోడమీద చూచినపుడెల్ల, వీరిలో ఊర నిలిచినవారెందఱని వ్రేళ్ళు మడచి లెక్కింతును.

అతడు మమ్ము ఒక గుండు నీడన గూర్చుండబెట్టి ఆట యెట్లు జరుగునో చూపెను. గోలీలాట మీరెల్లరు నెఱిగినదే గదా. చిన్ననాడు వాకిట మడమతో గుంట చేసి, వ్రేలితో గోలీని మీటి యందు పడవేయుచుంటిమి. గోల్ఫు దానికి పెద్దక్క. గోలీకి మాఱుగా 46 గ్రాములకు మించని గట్టి బంతి; వ్రేలికి మాఱుగా కఱ్ఱ; గుంట నూటయేబది మొదలు ఐదువందల గజములకు పైబడిన దూరమున నుండును. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములు. 1891 నుండి ఆ కొలత మాఱలేదు. బంతిని మొదట కొట్టుచోటు టీ. అచటినుండి పొట్టిగా కోసిన పచ్చికబాట ఫెయిర్‌వే. ఆ బాట కిరుప్రక్కల పెరుగనిచ్చిన గడ్డిలో బంతి పడినచో వెలికితీయుట కష్టము. నడుమనడుమ ఇసుకపల్లములు, అనగా బంకర్లు. కొసను, మిక్కిలి నున్నగా కోసిన పచ్చికమీద గుంట. ఆ చోటు గ్రీను. తక్కువ దెబ్బలతో 18 గుంటలను ముగించినవారే గెలిచినవారు. ఎంత తక్కువ వ్రాసిన నంత గొప్ప యను లెక్క మన పద్దుపుస్తకములో దప్ప మఱెచటను లేదనుకొంటిని. ఇచట గూడ నున్నది.

సముద్రతీరపు ఇసుకనేలలలో, గొఱ్ఱెలు మేసి నున్నన చేసిన పచ్చికమీద స్కాట్లండు దేశపువారు మొదలిడిన ఆట యిది. గోలకొండ నేల వేఱు. మెత్తని ఇసుక గాదు. పలుచని మన్ను క్రింద నల్లఱాయి. ఎచట జూచినను ఏనుగులు పండుకొన్నట్లు గుండ్లు. బంతి పచ్చికమీద పడినచో మర్యాదగా దొర్లును. గుండు మీద పడినచో ఎటు పోవునో కొట్టినవానికిని తెలియదు. ఒకవైపు కోటగోడ, వేఱొకవైపు పాతమసీదు, దిగువను చెఱువు. మేము చూచుచుండగనే యొక పెద్దమనిషి బంతి గుండునకు దగిలి వెనుకకు వచ్చి ఆయన కాలిదగ్గఱనే పడెను. ఆయన కోపపడక టోపీ తీసి ఆ గుండునకు నమస్కరించెను. మే మాసపు టెండ గావున తెల్లవాఱుజాముననే ఆట మొదలుపెట్టి పదిగంటలకు ముగింతురట. తొలకరి పడినపిదప మైదానము వేఱొక విధముగ నుండునని పిల్లవాడు చెప్పెను: వేసవిలో నేల గట్టిపడి బంతి దూరము దొర్లును, వానకాలమున పడినచోటనే దిగబడును. అదే కఱ్ఱ, అదే చేయి, ఋతువును బట్టి లెక్క మాఱవలసినదే.

"ఏ గడ్డి నాయనా యిది?" యని యడిగితిని.

అతడు నవ్వి, "మన గరికేనమ్మగారూ. చేలో మనం పీకి గట్టున పారేసేదే. ఇక్కడ దాన్ని కాసినందుకే నాకు జీతం" అనెను.

వంగి చూచితిని. గరికయే. వినాయకచవితినాడు ఇరువదియొక్క పత్రులలో నొకటిగా మనము ఏఱితెచ్చు దూర్వయే. శాస్త్రజ్ఞులు దీనిని సైనోడాన్ డాక్టిలాన్ అందురు. పాశ్చాత్యులకిది బెర్ముడా గడ్డి. అమెరికాలో జార్జియా రాష్ట్రమందలి టిఫ్టను అనుచోట దీనిని ఆఫ్రికా దేశపు సన్నని గరికతో సంకరించి, పట్టువలె మెత్తని రకములు పుట్టించిరి. ఉష్ణదేశములలోని మైదానములు పెక్కింటికి ఆ సంతతియే ఆధారము. కణుపు కణుపునకు వేరు దిగుట, త్రొక్కినకొలది ప్రాకుట, ఎండి పసుపువన్నె యైనను నాలుగు చినుకులకు మఱల లేచుట దీని గుణములు. సేద్యగాండ్రు దీనిని శత్రువుగా జూచుటకును, ఆటగాండ్రు మిత్రముగా జూచుటకును అవే గుణములు కారణము. నీడ మాత్రము దీనికి గిట్టదు. చెట్లక్రింద పలుచబడి నేల బయటపడును.

గ్రీను మీద గరికను మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి పెరుగనీయరు. అనగా మన జొన్నరొట్టె మందము! దానికై ప్రతిదినము తెల్లవాఱకమునుపే కోయవలెను. నేల బిగిసిపోకుండ అప్పుడప్పుడు సన్నని రంధ్రములు పొడిచి ఇసుక నింపుదురు; మల్లెపాదు మొదట మనము మన్ను గుల్లచేయుట వంటిదే. గుంటను గూడ ఒకచోట నుంచక తఱచుగా చోటు మార్చుచుందురు, లేనిచో అందఱును త్రొక్కి ఆ చుట్టు పచ్చిక చచ్చును. ఇంకొక వింత: గరికయాకు ఒకవైపునకు వాలియుండును. వాలినవైపునకు బంతి జాఱిపోవును, ఎదురువాలున తడబడి ఆగును. పట్టుచీరెను ఈవైపునుండి చూచిన నొక వన్నె, ఆవైపునుండి చూచిన నొక వన్నె యగునట్లే, ఆ వాలును పచ్చిక మెఱుపును బట్టి కనిపెట్టవలెను. ఆటగాండ్రు మోకాలు వంచి, కన్ను చికిలించి, పాకము తీగె వచ్చినదో లేదో చూచు ఇల్లాలివలె నేలను పరికించుట చూచి నాకు వేడుకయైనది.

ఈ యాటలో నాకు మిక్కిలి నచ్చిన మర్యాద యొకటి కలదు. బంతి పడి గ్రీను మీద గాయమైనచో కొట్టినవాడే చిన్న పుల్లతో దానిని పూడ్చవలెను. ఇసుకపల్లములో దిగినవాడు తన అడుగుల జాడలను తానే దంతెతో చదును చేసి రావలెను. తిన్న విస్తరి తానెత్తని మగవారిని మన యిండ్లలో పెక్కుమందిని చూచుచున్నాము. వారిని కొన్నాళ్ళు ఈ మైదానమునకు పంపిన బాగుండునని అక్కగారితో ననగా, ఆమె నోట కొంగు పెట్టుకొని నవ్విరి. మావారు విననట్లు నటించిరి.

ఇక నీటిమాట. పచ్చికకు వేసవిలో నెంత నీరు కావలయునని యడుగగా పిల్లవాడు లెక్క చెప్పలేకపోయెను గాని, మావారు ఆ గుండు నీడననే కూర్చుండి కాగితముమీద వేసిరి. గట్టి యెండలో గరిక దినమునకు దాదాపు 5 మిల్లీమీటర్ల నీరు పీల్చి ఆవిరిచేయును. అనగా చదరపు మీటరునకు 5 లీటర్లు. ఎకరము 4,047 చదరపు మీటర్లు గావున, ఎకరమునకు దినమునకు 20,000 లీటర్లకు పైమాట. పదునెనిమిది గుంటల మైదానము ఏదైనను తడుపవలసిన నేల పదులకొలది యెకరము లుండును. ఇది ఏ యొక్క మైదానమునకో చెప్పిన లెక్క గాదు, గరిక యెచట నున్నను ఇంతే. వేఱు గడ్డులతో పోల్చిన దీని దాహము తక్కువయనియే శాస్త్రజ్ఞుల మాట. పలుతావుల మురుగునీటిని శుద్ధిచేసి మైదానములకు వాడుచున్నారు. అది మెచ్చదగిన పద్ధతి.

అయినను ఆ యంకె చూచి నేను వేఱొక లెక్క వేసికొంటిని. కనిగిరిలో మేము త్రాగునీరు 20 లీటర్ల డబ్బాలలో కొందుము. మా నేలలోని నీటిలో ఫ్లోరైడు మితిమీఱి యుండుటయే దానికి కారణము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి నియమము. మా ప్రాంతపు బోరులు పెక్కు దానిని దాటినవే. ఆ నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లమీద గోధుమవన్నె చారలు, పెద్దల మోకాళ్ళు వంగక, నడుములు నిలువక పడు బాధలు మా వీధిలో వింత గావు. ఎకరము గరికకు ఒక్క దినమున కావలసినది మా డబ్బాలలో వేయి డబ్బాలు. మా యింటికి రెండు దినములకొక డబ్బా. ఆటగాండ్రను నిందించుటకు ఈ మాట వ్రాయలేదు. వారి పచ్చిక యెండినంతమాత్రమున మా బోరులో మంచినీరు పడదు. కాని నీటిగొట్టము పట్టుకొని నిలిచిన ఆ పిల్లవాని చేతులను చూచినప్పుడు ఈ లెక్క మనసులోనికి రాకుండ నుండలేదు.

తిరిగివచ్చుచు కోటద్వారముకడ నిలిచి మావారొక ప్రశ్న వేసిరి: "ఈ పచ్చిక ఎవరిది?" నయాఖిల్లా పురావస్తుశాఖ రక్షణలోనిది. అట్టి నేలమీద ఆటస్థలము కావించుట తగునా, అందలి మసీదులను చెట్టును చూడవచ్చువారికి దారి యెట్లు అని చరిత్రాభిమానులు ఏండ్లతరబడి వాదించిరి. ఆట యుండుటచేత నేల ఇండ్ల స్థలములుగా మాఱక నిలిచినదని వేఱొక పక్షము. రెంటను కొంత నిజమున్నది. నామట్టుకు నాకు, ఆ చెట్టుకడకు ఏ పల్లెటూరి ముసలమ్మయైనను అడ్డులేక పోయి రాగలిగిననే ఆ పచ్చిక అందము నిలుచుననిపించినది.

ఆట పుట్టిన దేశమున దీనికొక మార్గము కనుగొనిరి. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూసు పట్టణమున ఓల్డు కోర్సు అను మైదానము మిక్కిలి ప్రాచీనము. 18 గుంటల లెక్క 1764లో అచటనే స్థిరపడెను. ఒకప్పుడు అప్పులపాలైన పురపాలకులు ఆ నేలను అమ్మివేయగా, కొన్నవారు కుందేళ్ళను పెంచి పచ్చికనెల్ల గుల్లచేయించిరి. ఆటగాండ్లకును కుందేళ్ళ వ్యాపారులకును ఇరువది యేండ్లకు పైగా వ్యాజ్యములు నడచి, 1821లో జేమ్సు చీపు అను భూస్వామి ఆ నేలను కొని కాపాడెను. నేడది పట్టణప్రజల సొత్తు. ఆదివారము నాడు, పెద్దపోటీలప్పుడు దప్ప, ఆట మాని మైదానమును జనులకు విడుతురు. తల్లులు పిల్లలను దెచ్చి, ముసలివారు కుక్కలను దెచ్చి అచట నడయాడుదురు.

ఆ పట్టణమే స్త్రీల విషయమున మాత్రము చిరకాలము కన్ను తెఱవలేదు. కఱ్ఱను భుజముపైకెత్తి కొట్టుట ఆడువారికి మర్యాద గాదని ఆనాటి మగవారి యభిప్రాయము. అందుచే 1867లో అచటి స్త్రీలు తమకు వేఱుగ సంఘ మేర్పఱచుకొని, బంతిని మెల్లగ దొర్లించు చిన్న మైదానమును సంపాదించుకొనిరి. గుట్టలు మిట్టలుగ నుండుటచే దానికి హిమాలయములని పేరు వచ్చినది. నేడు కొద్దిపాటి రుసుము చెల్లించి యెవరైనను అందాడవచ్చును. అచటి రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బువారు స్త్రీలను సభ్యులుగా జేర్చుకొనుటకు సమ్మతించినది 2014లో. తొందరపడలేదు సుమా!

మన దక్షిణదేశపు బాలిక అదితీ అశోకును మీలో కొందఱు వినియుందురు. బెంగుళూరున ఐదేండ్ల వయసున తలిదండ్రులతో ఫలహారమునకు పోయినచోట ప్రక్కనున్న గోల్ఫు మైదానమును చూచి ముచ్చటపడి కఱ్ఱ పట్టినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచి, ఒక్క దెబ్బలో పతకమును పోగొట్టుకొన్నది. ఆ నాలుగు దినములు ఆమె కఱ్ఱలసంచి మోసినది కన్నతల్లియే. పతకము గూర్చి అందఱును వ్రాసిరి. జపాను దేశపు టెండలో ఆ సంచి బరువును గూర్చి నేను తలంచుకొంటిని.

నీరులేని నేలలవారికి ఈ యాట యందనిదేమో యని మీరనుకొనవచ్చును. అదియు గాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఒపలు రత్నములు త్రవ్వు కూబర్ పీడీ యను ఎడారిపట్టణమున గోల్ఫు మైదానము కలదు; అందొక్క గడ్డిపోచ యుండదు. గ్రీనుకు మాఱుగా నూనె కలిపి చదునుచేసిన యిసుక. ఆటగాండ్లు చిన్న పచ్చికముక్క నొకదానిని వెంట దెచ్చుకొని, ప్రతిదెబ్బకు బంతి నందుంచి కొట్టి, మఱల చంకనిడుకొని పోవుదురు. పగటియెండకు తాళలేనిచో రాత్రివేళ మెఱయు బంతులతో నాడుదురు. మన దేశమున గూడ పూర్వము దండు విడిసిన మెట్టయూళ్ళలో ఇట్టి యిసుక గ్రీనులే యుండెను, వానిని బ్రౌనులనెడివారు. నేల యెట్టిదో ఆట యట్టిది. ఈ సంగతి చదివి మా చిన్నమ్మాయి వెదురుబద్దకు వంకీ చేయించుకొని, తన స్నేహితురాండ్రను నలువురను గూర్చుకొని, బడిమైదానమున కొబ్బరిచిప్ప పట్టునంత గుంటలు మూడు త్రవ్వినది. ఒక గుంటకు గులకఱాళ్ళే బంకరు. సాయంకాలము మగపిల్లలు క్రికెట్టునకు వచ్చులోపల అరగంట మాత్రము వారికి చోటు. ఆ యరగంటను గంట చేయించుటకై ఇప్పుడు మావారితో వాదించుచున్నాను.

కనిగిరికి తిరిగివచ్చిన మఱునాడే పిల్లవాడు పంపిన మందులపొట్లమును ఇచ్చుటకై వారి పల్లెకు వెళ్ళితిని. అతని తల్లికి నలువదియైదు దాటలేదు. మంచము పట్టె పట్టుకొనిగాని లేవలేదు. కుండలోని నీళ్ళు ముంచియిచ్చుచు, మావి డబ్బానీళ్ళేనమ్మా, తాగవచ్చును అని మఱిమఱి చెప్పినది. కుమారుని యారోగ్యము, తిండి అడిగి, తుదకు పని యేమని యడిగినది.

"పచ్చికకు నీళ్ళు పెట్టడం" అంటిని.

"ఏం పచ్చికమ్మా? పశువులకా?"

"కాదు. ఆటకు. గరిక."

ఆమె కొంతసేపు నా మొగము చూచి, ఎదుట ఎండి పగిలిన చేనువైపు తిరిగి, "ఆ గరిక పీకీ పీకీనే గదమ్మా మా మామ నడుం వంగిపోయింది" అనెను. మఱుక్షణమున ఫక్కున నవ్వి, నా చేతిలోని చెంబు పుచ్చుకొని మఱల నింపి యిచ్చెను.